ముప్పై ఏళ్లు తడవని చోటు

పొద్దున్నే ఫోర్తునాతా పెద్దమ్మ పొయ్యి రాజేసేది. తెల్లారేసరికి ఊదారంగు మొక్కజొన్న జావ కుతకుత ఉడుకుతూ ఉండేది. అందులో దాల్చినచెక్క వేయడం, రొట్టెల బుట్టకి గుడ్డ కప్పడం హెర్మినియా పని. తర్వాత ఇద్దరూ బుట్టా గుండిగా మోసుకుని బస్సు ఆగే చోటికి నడిచేవారు. మొదటి బస్సు దిగినవాళ్లు చేతులు రుద్దుకుంటూ వచ్చి జావ తాగేవారు. బడి గంట వినబడగానే హెర్మినియా సంచి తగిలించుకుని వెళ్లిపోయేది. ఆ పిల్లకి పదేళ్లు. తండ్రి ఆమె పుట్టకముందే సరిహద్దు దాటి గనుల్లోకి పోయాడు, మళ్లీ కబురు లేదు. తల్లి ప్రిమితీవా నాలుగు గంటల ప్రయాణం దూరాన ఎల్ ఆల్తో నగరంలో బట్టలు కుడుతుంది. నెలకో శనివారం వస్తుంది, ఆదివారం పోతుంది.

హంకోమాయ ఊళ్లో బస్సు ఆగే చోట, గోడ పక్కన, ఎంత వాన పడినా తడవని చోటు ఒకటుంది. పైన కప్పు లేదు, చూరు లేదు. ఒక పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఎంత నేల పడుతుందో, అంత. బస్సులో పోయినవాళ్ల పిల్ల ఎవరో అక్కడ జడుసుకుందనీ, ఆ పిల్ల అహాయు, అంటే లోపలుండే జీవం, అక్కడే కూర్చుండిపోయిందనీ ఊరందరికీ తెలుసు. పిలిచి తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. అలాంటి చోటును ఊరికే ఎందుకు పోనివ్వాలి? పెద్దమ్మ రొట్టెల బుట్ట అక్కడే పెట్టేది. ఎదురింటి కాసిమీరా అవ్వ వాన వస్తే క్వినోవా గింజల మూట తెచ్చి, "కొంచెం జరుగమ్మా" అని ఆ ఖాళీకి చెప్పి మరీ పెట్టేది.

పిల్లలకి అహాయు గట్టిగా అంటుకుని ఉండదు. పాలపన్ను లాంటిది. జడుసుకుంటే ఊడి, పడ్డచోటే కూర్చుంటుంది. ఆ పిల్ల టోపీయో చొక్కాయో పట్టుకుపోయి, పేరు పెట్టి పిలిచి, వెనక్కి చూడకుండా ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుంది. ఊళ్లో ఏటా పదీ పన్నెండు సార్లు జరిగేదే. కుక్క తరిమిందని ఒకటి, ఏట్లో కాలు జారిందని ఒకటి. పెద్ద భయమైతే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు కాబట్టి పెద్దవాళ్లకి వెంటనే తెలుస్తుంది. చిక్కంతా చిన్న భయాలతోనే.

హెర్మినియాకి వారమంతా చిన్న భయాలే. మంగళవారం డిక్టేషన్. బుధవారం ఎక్కాలు. గురువారం బల్ల దగ్గర నిలబడి గట్టిగా చదవడం. శుక్రవారం గోళ్లు చూపించడం. ఫకుందో మాస్టారు చెడ్డవాడేం కాదు, చెయ్యెత్తి ఎవర్నీ కొట్టినవాడు కాదు. కానీ నలభైమంది పిల్లలు, ఒక్కడే మాస్టారు. చేతిలో ఎప్పుడూ ఒక జాబితా. ఆ జాబితాలో తన పేరు ఎన్నో పేరు తర్వాత వస్తుందో హెర్మినియా రాత్రి పడుకుని లెక్కపెట్టుకునేది. సోమవారం జెండా వందనం. అందులో ఎవరో ఒకరు పద్యం చెప్పాలి.

అక్కడ వానలు ఆఖరయ్యే మార్చి నెలలో సముద్రం రోజు దగ్గరపడింది. తాతల తాతల కాలంలో దేశం యుద్ధంలో పోగొట్టుకున్న సముద్రం కోసం ఏటా బడిపిల్లలు పద్యాలు చెబుతారు. హెర్మినియా సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ ఊళ్లో చూసినవాళ్లూ లేరు. అయినా పద్యం మూడు వారాలు వల్లెవేసింది. జావ కలుపుతూ, చెప్పులు తుడుస్తూ, నడుస్తూ. ఆ సోమవారం జెండా కర్ర కింద మెట్టెక్కి చేతులు వెనక్కి కట్టుకుని, "ఓ నీలి నీరా, మా గుమ్మం ముందు నిలిచినదానా" అంది. "మళ్లీ రావడానికి దారి మరిచినదానా" అంది. మూడో పాదం రాలేదు.

అందరూ ఎదురు చూశారు. జెండా గాలికి టపటపలాడింది. వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత బడంతా నవ్వింది. మాస్టారు తిట్టలేదు. చేతి గడియారం చూసుకుని, "పర్లేదు, దిగు. తర్వాతెవరు?" అన్నాడు.

నవ్వుకి కాదు, ఆ "తర్వాతెవరు"కి హెర్మినియా లోపల ఏదో ఊడింది. నొప్పి లేదు. ఆమె మెట్టు దిగి వరసలో నిలబడింది. ఏదో మాత్రం దిగలేదు.

మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. మైదానమంతా తెల్లబడింది. జెండా కర్ర కింద మాత్రం చాటంత చోటు పొడిగా మిగిలింది. పిల్లలు చూసి చెప్పుకున్నారు.

"ఒరేయ్, బంతి అటు తన్నకు! హెర్మినియా కూర్చుంది."

"జరిగి పోరా, తొక్కుతావు!"

మర్నాడు హాజరు వేసేటప్పుడు మాస్టారు, "హెర్మినియా చోకే" అని పిలిస్తే ఆమె చెయ్యెత్తింది. ముందు బెంచీలోని కొంటెవాడు లేచి, "సగమే ఉంది మాస్టారూ. మిగతా సగం బయటుంది" అన్నాడు. క్లాసంతా మళ్లీ నవ్వింది. మాస్టారు కలం ఆపి, కిటికీలోంచి జెండా కర్ర వైపు చూసి, పూర్తి హాజరే వేశాడు. ఆ రోజు డిక్టేషన్‌లో తప్పులు ఎన్నో వచ్చాయి. హెర్మినియాకి బాధ కలగలేదు. బాధ కలగకపోవడం బాగానే ఉందనుకుంది. తర్వాత చూస్తే ఆకలీ కలగలేదు. పులుసు నోట్లో పెట్టుకుంటే వేణ్నీళ్లలా ఉంది. మాటలు గొంతుదాకా వచ్చి, పనేం లేదన్నట్టు వెనక్కి పోయేవి.

"ఏమైందే?" అంది పెద్దమ్మ, జావ పోస్తూ.

"ఏం లేదు."

అవతల బస్సు దిగినవాళ్లు గిన్నెలు చాచి నిలబడ్డారు. పెద్దమ్మ అటు తిరిగింది. హెర్మినియా ఆ తర్వాత రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరి మాట ఆ "ఏం లేదు."

బుధవారానికి విషయం కాసిమీరా అవ్వ నోటినుంచే పెద్దమ్మకి తెలిసింది. "నీ చెల్లెలి కూతురు రెండ్రోజులుగా జెండా కర్ర కింద కూర్చుంటే నువ్విక్కడ రొట్టెలమ్ముకుంటున్నావా? ఊరంతా చూసింది, నీకొక్కదానికే కళ్లు కనబడవా?"

"పిల్ల నాకు చెబితే కదా అవ్వా!"

"చెప్పాల్సింది ఊడి అక్కడ పడితే ఇంకెవరు చెబుతారే, మొద్దూ!"

ఆ సాయంత్రం పెద్దమ్మ హెర్మినియా ఉన్ని టోపీ పట్టుకుని బడికి వెళ్లింది. చెవులు కప్పే ఎర్ర టోపీ అది, రెండు పక్కలా రెండు తాళ్లు. హెర్మినియా మంచం మీద పడుకుని ఉంది. అవ్వ తల దగ్గర కూర్చుంది. పిలుపు వినబడినప్పుడు ఇంట్లోంచి ఎవరో ఒకరు బదులివ్వాలి, లేకపోతే దారి తెలియదు. వీధి చివరినుంచి పెద్దమ్మ గొంతు వినబడింది. "రా హెర్మినియా, రా తల్లీ. అక్కడ చలి. ఇంట్లో పొయ్యి ఉంది, జావ ఉంది. ఎవరూ ఏమనరు, రా." బదులివ్వాలని హెర్మినియా నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. "వస్తున్నా, వస్తున్నా!" అని అవ్వే సన్నగొంతు పెట్టుకుని అరిచింది.

పెద్దమ్మ రొప్పుతూ లోపలికొచ్చి, రెండు చేతులా పట్టుకున్న టోపీని హెర్మినియా తలకి తొడిగింది. "అమ్మయ్య! బడి దగ్గర టోపీ బెండులా ఉంది అవ్వా. రాదేమో అనుకున్నా. నేను రొట్టెలమ్మే చోటు దాకా వచ్చేసరికి చటుక్కున బరువెక్కింది. నడుం పట్టేసిందనుకో."

"పదేళ్ల పిల్ల మరి, బరువుండదూ?" అంది అవ్వ.

టోపీ వెచ్చగా ఉంది. ఆ రాత్రి హెర్మినియా చాలా రోజుల తర్వాత జాబితా లెక్కపెట్టుకోకుండా నిద్రపోయింది.

మర్నాడు మాట రాలేదు. ఆకలీ వేయలేదు. కానీ టోపీలో ఎవరో ఉన్నారు. ఆ సంగతి ఆమెకి బడి గోడ వెనక తెలిసింది. విరామంలో అందరూ ఆడుతుంటే ఆమె ఎప్పుడూ ఆ గోడ వెనకే కూర్చునేది. ఊరికే ఐదు గులకరాళ్లు ఏరింది. చేతులు వాటంతట అవే ఎగరేసి పట్టడం మొదలుపెట్టాయి. ఒకటి ఎగరేసి ఒకటి, ఒకటి ఎగరేసి రెండు, అరచెయ్యి తిప్పి మూడు. అచ్చనగాయలు అలా ఆడటం ఆమెకి ఎవరూ నేర్పలేదు. చెవుల దగ్గర ఎవరో నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టుంది. రాయి జారితే టోపీ నవ్వలేదు. మళ్లీ ఎగరెయ్ అన్నట్టు కాస్త బిగుసుకుంది, అంతే.

మూడు రోజులు హెర్మినియా ఒక్కక్షణం కూడా టోపీ తీయలేదు. క్లాసులో తీయమంటే మాస్టారి వైపు అలా చూసింది, ఆయన ఇంకోసారి అడగలేదు. ఒక్క విషయం మాత్రం వింతగా ఉండేది. దూరంగా బస్సు మోత వినబడితే చాలు, టోపీ రోడ్డు వైపు తిరిగేది. దాంతోపాటు ఆమె తల కూడా తిరిగేది. బస్సు పోయాక మెల్లగా వదులయ్యేది. ఎవరికోసమో చూస్తోందని హెర్మినియాకి అర్థమైంది. ఆ చూడటం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

శనివారం పదింటికి వాన దంచికొట్టింది.

"అయ్యో, అయ్యో, నా రొట్టెలు!"

హెర్మినియా గుండిగకి మూత పెట్టి తిరిగి చూసేసరికి పెద్దమ్మ బుట్ట ముందు నోరెళ్లబెట్టి నిలబడి ఉంది. గోడ పక్క చోటు తడిసిపోతోంది. బుట్ట మీది గుడ్డ ముద్దయింది. రొట్టెలు ఉబ్బిపోయాయి. కాసిమీరా అవ్వ క్వినోవా మూట ఎత్తుకుని కుంటుకుంటూ వచ్చి, తడి నేలని చూసి ఆగిపోయింది.

"ఎవరో వచ్చి తీసుకుపోయారే" అంది. "నాకు ఊహ తెలిసి ఇదొక్కటే తిన్నగా ఒక చోట కూర్చున్న పిల్ల. చెప్పాపెట్టకుండా పోయింది చూడు."

పెద్దమ్మ తడిసిన బుట్ట వంక చూసింది. తర్వాత హెర్మినియా తలమీది టోపీ వంక చూసింది. వానలోనే బడికి పరుగెత్తింది, హెర్మినియా వెనకాలే పరుగెత్తింది. మైదానమంతా నీళ్లు. జెండా కర్ర కింద చాటంత చోటు పొడిగా, బుద్ధిగా, వాళ్ల వైపే చూస్తున్నట్టు ఉంది.

పెద్దమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"ఆ టోపీ నీది కాదే. మీ అమ్మది" అంది. "పెట్టెలో ఉంటే రెండేళ్ల కింద నీకిచ్చాను. మరిచేపోయాను."

వాన వాళ్లిద్దరినీ తడుపుతూనే ఉంది. పెద్దమ్మ నేలకే చెబుతున్నట్టు చెప్పింది. తనకి పదిహేడేళ్లప్పుడు, ప్రిమితీవాకి పదేళ్లప్పుడు, ఇద్దరూ పక్క ఊరి సంతకని బయల్దేరారు. బస్సు ఆగే చోట చెల్లెల్ని కూర్చోబెట్టి, మూట చేతికిచ్చి, ఇప్పుడే వస్తా కదలకు అని చెప్పి, తను వెనక వీధిలో బాజాల వాళ్లు ఊదుతుంటే చూడబోయింది. అక్కడ ఒకడు చిందేద్దాం రమ్మన్నాడు. పొద్దు కుంకాక గుర్తొచ్చింది. వచ్చి చూస్తే పిల్ల అదే చోట, అదే మూటతో కూర్చుని ఉంది. ఏడవలేదు. ఒక్క మాట అడగలేదు.

"ఆ రోజు నుంచి మీ అమ్మ దేనికీ ఏడవలేదు. ఎంత గట్టిపిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో చెబితే వీపు చీరేస్తారని నేను చెప్పలేదు. మర్నాటి వానకి ఆ చోటు తడవకపోతే ఎవరో బస్సువాళ్ల పిల్లనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను." మొహం మీది నీళ్లు తుడుచుకుంది. "అలాగే అనుకుందామనుకున్నాను."

"నువ్వు హెర్మినియా అని కదా పిలిచావు?" అంది కాసిమీరా అవ్వ, సాయంత్రం పొయ్యి దగ్గర. "అది ప్రిమితీవా. ఎందుకొచ్చింది?"

"టోపీ వాసన పట్టుకుని వచ్చింది."

"వాసన కాదే. ముప్పై ఏళ్లు ఎవరూ పిలవని పిల్ల. ఎవర్ని పిలిచినా తననే అనుకుంటుంది."

ఇప్పుడు హెర్మినియాని దేంతో పిలవాలి? పెద్దమ్మ పెట్టె తీసి బట్టలన్నీ పరిచింది. బడి తెల్లకోటు పక్కింటి పిల్లది, పొడుగైందని ఇచ్చారు. బూట్లు చర్చిలో పంచినవి. స్వెట్టరు పెద్దమ్మదే, చిన్నది చేసి ఇచ్చింది. పావడా ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. అవ్వ ఒక్కొక్కటీ ఎత్తి వాసన చూసి పక్కన పడేసింది. ఆ ఇంట్లో హెర్మినియా ఒక్కదానిదే అయిన గుడ్డ ఒక్కటి లేదు.

"పేరొకటే దానిది" అంది అవ్వ ఆఖరికి. "ఆ పేరు పెట్టిన గొంతు వచ్చి పిలవాలి. అదీ వానలు ఆగేలోపు. మంచు మొదలైందో, కూర్చున్నచోటే వేళ్లు తన్నేస్తుంది. తల్లికి జరిగిందిగా, చూశాంగా."

ఆదివారం ప్రిమితీవా ఫోను చేసింది. హెర్మినియా పక్కనే కూర్చుని వింది. ఫోన్లో అమ్మ గొంతు వెనక కుట్టుమిషన్లు వానలా మోగుతున్నాయి.

"జడుసుకుందా? చేమంతి కషాయం కాచివ్వు, తగ్గిపోతుంది."

"తగ్గదే ప్రిమితీవా. నువ్వు రావాలి. పేరు పెట్టి పిలవాలి."

"బడికోట్లు రెండొందలున్నాయక్కా చేతిలో. ఎలా వస్తాను? పిల్లలన్నాక జడుసుకుంటారు. నాకు తగ్గలేదా?"

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. "నీకు తగ్గలేదే" అంది. చాలా చిన్నగా అంది, మిషన్ల మోతలో కలిసిపోయింది.

"వచ్చే శనివారం చూస్తాలే. ఫోను దానికివ్వు. హెర్మినియా, తిన్నావా? చదువుతున్నావా? బూట్లు సరిపోయాయా? సరే, మాస్టారి మాట విను." ఫోను పెట్టేసింది. అమ్మ ఎప్పుడూ అంతే. కోపం ఉండదు, ముద్దూ ఉండదు. కొలతలు తీసుకున్నట్టు మాట్లాడుతుంది.

"టోపీ పంపేద్దాం" అంది పెద్దమ్మ. "ముందు మీ అమ్మది మీ అమ్మకి అందితే, నీదాన్ని పిలవడానికి తనే వస్తుంది. ఇవ్వు తల్లీ."

హెర్మినియా రెండు చేతులతో టోపీని చెవులకేసి నొక్కి పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

"నీ నేస్తం కాదే అది. మీ అమ్మ."

అయితే ఏం? అమ్మ ఎప్పుడూ ఇంత దగ్గరగా లేదు. పెద్దమ్మ ఇంకోసారి చెయ్యి చాచి, ఆ పిల్ల మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వారమంతా మళ్లీ అడగలేదు. వానలు పల్చబడ్డాయి. పొద్దున్నే బకెట్లో నీళ్లమీద అద్దంలా సన్నని పొర కట్టడం మొదలైంది. హెర్మినియా దవడలు లోపలికి పోయాయి. బడిలో జెండా కర్ర కింది పొడి చోటు చుట్టూ గడ్డి మొలిచింది. పిల్లలు ఇప్పుడు దాన్ని చూడకుండానే పక్కకి తిరిగి పోతున్నారు, రాయినో గుంటనో తప్పుకున్నట్టు.

శనివారం మధ్యాహ్నం బస్సు వచ్చింది. బస్సు ఇంకా మలుపు దగ్గరుండగానే టోపీ అటు తిరిగింది. హెర్మినియా గోడకి ఆనుకుని నిలబడింది. మొదట కోళ్ల బుట్టతో ఒకావిడ దిగింది. తర్వాత ఇద్దరు సైనికులు. తర్వాత గిటారు మోస్తున్న ముసలాయన. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా టోపీ కాస్త పైకి లేచి, కాస్త కిందికి దిగింది. ఆఖరి మనిషి దిగాక కూడా తలుపు వైపే చూస్తూ ఉంది. బస్సు ఖాళీ అయింది. డ్రైవరు దోన్ ఎలియోదోరో దిగి, జావ గిన్నె పుచ్చుకుని, "మీ చెల్లెలు రాలేదమ్మా, పని తెమల్లేదంది" అని పెద్దమ్మతో చెప్పాడు.

టోపీ వదులు కాలేదు. ఇంకా చూస్తోంది. ముప్పై ఏళ్లుగా అలాగే చూస్తోంది కాబోలు. దిగేవాళ్లందరూ దిగిపోయాక కూడా ఇంకొకరు మిగిలే ఉంటారన్నట్టు. ఇది తన దగ్గరుంటే ఎప్పటికీ పదేళ్ల పిల్లగానే ఉండి, ప్రతి బస్సుకీ ఇలాగే లేస్తుందని హెర్మినియాకి తెలిసింది. దానికి కావలసింది నేస్తం కాదు.

ఆమె తాళ్లు విప్పి టోపీ తీసింది. చెవులకి చలి కోసినట్టు తగిలింది. పాపాయిని ఇచ్చినట్టు రెండు చేతులా డ్రైవరుకి అందించింది. మాట లేదు కదా, తన తల మీద చెయ్యి పెట్టి చూపించింది. తర్వాత వేలు నగరం వైపు.

"ప్రిమితీవాకా? తలకి పెట్టుకోమనాలా?" అన్నాడాయన. టోపీ పుచ్చుకోగానే చేతులు కిందికి దిగాయి. "ఓహో, మనిషుంది లోపల." ఇంకేం అడగలేదు. తన పక్క సీటులో టోపీని కూర్చోబెట్టి, కిటికీ అద్దం ఎత్తాడు. ఎక్కడానికొచ్చిన లావుపాటి ఆసామి ఆ సీటులో కూర్చోబోతే, "వెనక్కెళ్లండి సార్, పిల్లుంది" అన్నాడు.

బస్సు మలుపు తిరిగేదాకా హెర్మినియా చూసింది. ఆదివారం బడి గోడ వెనక కూర్చుని రాళ్లు ఎగరేస్తే ఒక్కటీ పట్టుకోలేకపోయింది. సోమవారం జెండా వందనంలో నిలబడితే తనకి పది అడుగుల దూరంలో తనే కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా మాటలు లేవు. అంత మందిలో అంత ఒంటరిగా ఆమె ఎప్పుడూ నిలబడలేదు.

మంగళవారం డిక్టేషన్ జరుగుతుండగా, బస్సు రావలసిన వేళ కాని వేళ బస్సు మోత వినబడింది.

తర్వాత పెద్దమ్మ ఆ సంగతి చాలామందికి చాలాసార్లు చెప్పింది. ప్రిమితీవా కొలతల టేపు మెళ్లో వేసుకునే బస్సు దిగింది. టోపీ నెత్తిమీదుంది, నలభై ఏళ్ల తలకి అది నడినెత్తిదాకానే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆదివారం పొద్దున అనుకోకుండా తలకి పెట్టుకున్నదట. రెండు రోజులు మిషను తొక్కుతూ ఏడ్చిందట, కుట్టిన కోట్ల కాలర్లన్నీ తడిసి, యజమానురాలు ఇంటికి పొమ్మందట. నగరం నుంచి ఇక్కడిదాకా దారంతా ఏడ్చిందని దోన్ ఎలియోదోరో చెప్పాడు. బస్సు దిగి తిన్నగా అక్క ముందుకొచ్చి నిలబడింది.

"ఎక్కడికి పోయావే అక్కా? ఇప్పుడే వస్తానన్నావు. పొద్దు కుంకేదాకా చూశాను" అంది. గొంతు పదేళ్ల పిల్లది.

పెద్దమ్మ జావగరిటె కింద పెట్టింది. "బాజాలు చూడబోయానే" అంది. "నిన్ను మరిచిపోయానే." అక్కాచెల్లెళ్లిద్దరూ గోడ పక్కన తడి నేలమీద కూర్చుని ఏడుస్తుంటే, జావకొచ్చినవాళ్లు ఎవరి గిన్నె వాళ్లే నింపుకుని తాగి వెళ్లారట.

బడిలో ఫకుందో మాస్టారు, "కామా. కొత్త వాక్యం" అంటుండగా మైదానంలో ఎవరో మోకాళ్లమీద కూర్చోవడం కనిపించింది. ఆయన పుస్తకం మూశాడు. "పిల్లలూ, కలాలు కింద పెట్టండి. ఎవరూ మాట్లాడకండి." జాబితా కూడా బల్లమీద బోర్లా పెట్టాడు.

కిటికీలోంచి అమ్మ గొంతు వచ్చింది. కొలతల గొంతు కాదు.

"హెర్మినియా. రా అమ్మా. నిన్నిక్కడ కూర్చోబెట్టి చాలాసేపైంది కదూ. ఆలస్యమైంది. తప్పు నాదే. రా తల్లీ, హెర్మినియా."

క్లాసంతా ఆమె వైపు తిరిగింది. ఎవరో ఒకరు బదులివ్వాలి, లేకపోతే దారి తెలియదు. ముందు బెంచీ కొంటెవాడు సన్నగొంతు పెట్టుకుని అరవబోయాడు కాని, మాస్టారు వేలెత్తి ఆపాడు. హెర్మినియా లేచి నిలబడింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది. బల్ల అంచు పట్టుకుంది. నలభై జతల కళ్లు. జెండా టపటపలాడటం వినబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ గడియారం చూసుకోలేదు. ఎంతసేపైనా ఆగేటట్టున్నారు.

"హెర్మినియా!" అంది అమ్మ మూడోసారి.

"వస్తున్నా" అంది హెర్మినియా. గొంతు బొంగురుగా, తుప్పు పట్టిన గడియలా వచ్చింది. "వస్తున్నా అమ్మా!" ఈమాటు బడంతా వినబడింది. ఆమె తలుపు దాకా పోకముందే మైదానంలోంచి ఏదో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆమెని ఢీకొంది. ఇద్దరూ కలిసి వెనక్కి పడ్డారు. లేచింది మాత్రం ఒక్కతే. లేచీ లేవగానే ఆకలి వేసింది. మోకాలు దోక్కుపోయి మండింది. భోరున ఏడ్చింది.

ఆ వారం ప్రిమితీవా వెళ్లలేదు. పై వారం వెళ్తానంది. ఆ పై వారం బస్సు నెత్తిమీద తాళ్లతో కట్టిన కుట్టుమిషను ఒకటి దిగింది, నలుగురు పట్టి దించారు.

అమ్మ ఇంట్లో ఉండటం హెర్మినియా అనుకున్నంత హాయిగా ఏం లేదు. ముప్పై ఏళ్ల ఏడుపు ఒక్కసారి తీరేది కాదు. ఉల్లిపాయ తరిగితే ఏడుస్తుంది, దారం తెగితే ఏడుస్తుంది, ఉరిమితే అక్క చెయ్యి పట్టుకుంటుంది. పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకొచ్చి నిలబడుతుంది. "గట్టి మనిషి అనుకున్నామే" అని అవ్వ ఆశ్చర్యపోయింది. గోడ వెనక తనతో రాళ్లాడిన పదేళ్ల పిల్ల కోసం హెర్మినియా అప్పుడప్పుడూ అమ్మ మొహంలో వెతికేది. దొరికేది కాదు. ఆ పిల్ల పెద్దదైపోయింది. ఇంకెవరితోనూ అంత బాగా ఆట కుదరలేదు.

ఒక బుధవారం బడి వదిలేసరికి గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది. వేలికి కుట్టుతొడుగు అలాగే ఉంది. సంచి అందుకుంటూ అడిగింది.

"ఇవాళ ఏమైంది?"

"ఏం లేదు" అంది హెర్మినియా, అలవాటుగా.

అమ్మ కదల్లేదు. పిల్లలు వాళ్లిద్దరి పక్కనుంచీ తోసుకుంటూ పోయారు. పైన మబ్బు పట్టింది. రోడ్డు మీద ఎవరో, "ప్రిమితీవా, నీ బట్టకోసం మనిషొచ్చాడు!" అని కేకేశారు. అమ్మ అటు తిరగలేదు. సంచి భుజానికి వేసుకుని, ఎంతసేపైనా ఇక్కడే అన్నట్టు, కూతురి మొహంలోకి చూస్తూ నిలబడింది.

హెర్మినియా బూటుతో మట్టి గీసింది. ఇంకాసేపు గీసింది.

"ఏడో ఎక్కం" అంది. "ఏడెనిమిదులు దగ్గర…"

"ఊఁ" అంది అమ్మ. "ఏడెనిమిదులు దగ్గర?"